‘పోలీసు చర్య’ నుంచి సైబరాబాదు దాకా

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం పడమట షోలాపురం వైపునుంచి, తూర్పున బెజవాడ వైపునుంచి హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. టాంకులు వచ్చాయి; విమానాలు వచ్చాయి. 17వ తేదీన నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. దండయాత్రకు నాయకత్వం వహించిన మేజర్ జనరల్ చౌధురి ఆ వెంటనే సంస్థానానికి మిలిటరీ గవర్నరయ్యాడు. సైనికాధికారులు తమ కాగితాల్లో దీనికి ‘ఆపరేషన్ పోలో’ అని పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వం లోకానికి చెప్పిన పేరు మాత్రం ‘పోలీసు చర్య’.

టాంకులతో చేసిన పని పోలీసు చర్య ఎట్లా అయింది? ఇది కేవలం మాటల తగాదా కాదు. నిజాం ప్రభుత్వం ఆ ఆగస్టులోనే ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసి ఉంది. యుద్ధమైతే అది రెండు రాజ్యాల మధ్య వ్యవహారం, మండలి కలగజేసుకోవచ్చు. పోలీసు చర్య అయితే అది ఇంటి గొడవ, పొరుగువాడికి అడిగే హక్కు లేదు. ఈ ఉపాయం మనవాళ్ళ సొంతం కూడా కాదు. అంతకు ఏడాది ముందు, 1947 జులైలో, డచ్చి ప్రభుత్వం ఇండొనీసియా రిపబ్లిక్ మీద సైన్యాన్ని దించి దానికి పోలీసు చర్య అనే పేరు పెట్టింది; 1948 డిసెంబరులో రెండోసారి అదే పని చేసి అదే పేరు పెట్టింది. 1950లో కొరియా యుద్ధాన్ని గురించి విలేఖరులు అడిగితే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కూడా పోలీసు చర్య అన్న మాటకు సరేనన్నాడు. మూడేళ్ళలో మూడు ఖండాల ప్రభుత్వాలకు యుద్ధానికి పోలీసు పేరు అవసరమైంది.

పేరు పోలీసుదైనంత మాత్రాన బాధ్యత పోలీసుది కాలేదు. సంస్థానంలో, ముఖ్యంగా మరాఠ్వాడాలో, ఆ రోజుల్లో ముస్లిములమీద జరిగిన హత్యాకాండను విచారించటానికి నెహ్రూ పండిత సుందర్‌లాల్ బృందాన్ని పంపించాడు. తక్కువలో తక్కువ అంచనా వేసినా 27 వేలనుంచి 40 వేలమంది దాకా చనిపోయారని ఆ బృందం రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. 2013లో గాని అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పాఠకులకు అందుబాటులోకి రాలేదు. నిజమైన పోలీసు చర్యలో ఒక శవం దొరికితే పంచనామా ఉంటుంది, కేసు ఉంటుంది. ఇక్కడ వేలాది శవాలకు అరవై ఏళ్ళు పైబడి తాళం వేసిన బీరువా మాత్రమే ఉంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది అక్కడినుంచే మొదలవుతుంది. పోలీసు పద్ధతి అనేదానిలో రెండు భాగాలున్నాయి. మనిషిని గుర్తించటం ఒకటి: పేరు రాసుకోవటం, వేలిముద్ర తీసుకోవటం, ఆనవాళ్ళు పట్టటం, వేగులవాళ్ళను పెట్టుకోవటం, ఇల్లు సోదా చెయ్యటం. జవాబు చెప్పటం రెండోది: పట్టుకున్న మనిషిని ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టటం, సాక్ష్యం చూపటం, చచ్చిపోతే ఎట్లా చచ్చాడో విచారణకు ఒప్పుకోవటం. ప్రజల తిరుగుబాట్లను అణచటానికి ప్రభుత్వాలు సైన్యానికి పోలీసు పద్ధతులు నేర్పినప్పుడల్లా మొదటి భాగాన్నే నేర్పాయి. రెండో భాగాన్ని ఠాణాలోనే వదిలేశాయి. అట్లా సగమై అడవికి వెళ్ళిన పద్ధతి కొంతకాలానికి సగంగానే నగరానికి తిరిగి వచ్చింది. హైటెక్ సిటీ చుట్టూ ఉన్న కొత్త నగరంలో ఇవాళ మనం చూస్తున్నది దాన్నే.

ఈ మాట అన్నందువల్ల నేను పోలీసు వ్యవస్థ పుట్టుకను పవిత్రం చేస్తున్నాననుకోవద్దు. లండన్లో 1829లో ఏర్పడిన పోలీసులు తుపాకులు లేకుండా వీధుల్లో తిరిగారు. వలస దేశాలకు ఆ నమూనా రాలేదు. ఐర్లండు రైతులను అదుపులో పెట్టటానికి పుట్టిన సాయుధ దళం నమూనా వచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత చేసిన 1861 పోలీసు చట్టంలో దాని ఛాయ స్పష్టంగా ఉంది. అలజడి జరిగిన ప్రాంతంలో అదనపు పోలీసులను దించి, ఆ ఖర్చు అక్కడి ప్రజలచేతనే కట్టించుకోవచ్చునని ఆ చట్టం పదిహేనో సెక్షను. నేరం ఒకడిది, జరిమానా ఊరందరిది. అయితే అదే వలస ప్రభుత్వం 1872లో చేసిన సాక్ష్య చట్టంలో, పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని కూడా రాసింది. తన పోలీసులు మనుషులను కొట్టి మాట చెప్పిస్తారని దానికి బాగా తెలుసు. గుర్తించే చెయ్యి, ఆ చేతిని పట్టుకునే చట్టం రెండూ ఒకే కాలంలో పుట్టాయి. రెండిటి మధ్య జరిగిన పెనుగులాటే ఆ తర్వాతి చరిత్ర.

గుర్తించే కళకు మన దేశమే ప్రయోగశాల అయింది. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో తెరిచారు. లండన్ పోలీసులు 1901లో దాన్ని ఇక్కడినుంచి నేర్చుకున్నారు. ఆ వర్గీకరణకు లెక్కలు కట్టిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు సబిన్‌స్పెక్టర్ల పేర్లు వెనక్కుపోయి, పై అధికారి హెన్రీ పేరే మిగిలింది. ఇంకో ప్రయోగం నేరస్థ జాతుల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలైన ఈ చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలయింది. ఎరుకలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని రాసుకుని, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలోనూ, మరికొన్నిచోట్లా సెటిల్మెంట్లు పెట్టారు. వేలిముద్రల రిజిస్టరు, హాజరు పిలుపు, ఊరు దాటాలంటే పాసు. ఏ నేరమూ రుజువు కానక్కరలేదు, పుట్టటమే చాలు. తర్వాత కాలంలో సైన్యాలు తిరుగుబాటు ప్రాంతాల్లో కట్టిన శిబిరాలకు కావలసిన సరంజామా అంతా మన గుంటూరు జిల్లాలోనే ఒక తరం ముందుగా సిద్ధంగా ఉన్నదని గమనించాలి.

సైన్యానికీ పోలీసుకూ మధ్య ఉన్న గోడ కూలటం తెలుగువాళ్ళు మొదట మన్యంలో చూశారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసుస్టేషన్ మీద పడి తుపాకులు తీసుకుపోయింది. ఆ తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు. జిల్లా పోలీసులవల్ల కాలేదు. సెప్టెంబరులో దామనపల్లి కనుమలో కవార్డు, హైటరు అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. మలబారులో మాప్పిళ్ళ తిరుగుబాటును అణచటానికి అంతకు ఏడాది ముందు పుట్టిన మలబారు స్పెషల్ పోలీసును ప్రభుత్వం మన్యానికి పిలిపించింది. పేరుకు పోలీసు, కవాతులో, ఆయుధంలో సైన్యం. ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 1924 మే 7న పట్టుబడిన రాజును కోర్టుకు తీసుకుపోలేదు. కొయ్యూరులో కాల్చిచంపారు. తప్పించుకుపోబోతే కాల్చామని ప్రభుత్వం రాసుకుంది. ఈ వాక్యం తర్వాతి నూరేళ్ళలో తెలుగుదేశంలో ఎన్నిసార్లు తిరగరాయబడిందో లెక్కపెట్టటం కష్టం.

ఇప్పుడు మళ్ళీ తెలంగాణకు వద్దాం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో రాజుకున్న రైతాంగ పోరాటం రజాకార్లమీద, దేశముఖులమీద సాగింది. నిజాం లొంగిపోయాక భారత సైన్యం తుపాకి గురి రజాకార్లమీదనుంచి సంఘాల మీదికి మళ్ళింది. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించేదాకా మూడేళ్ళపాటు సైన్యమూ సాయుధ పోలీసులూ కలిసి చేసిన పనిని పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వచ్చిన తన గ్రంథంలో లెక్కలతో రాశారు: నాలుగువేలమంది చనిపోయారు; పదివేలమందికి పైగా మూడు నాలుగేళ్ళు జైళ్ళలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారు; యాభైవేలమందికి తక్కువ కాకుండా పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చి హింసించారు. గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీచేయించి, జనాన్ని పోలీసు కాపలా ఉన్నచోట ఒకచోటికి చేర్చారు. గూడెం విడిగా ఉంటే దళానికి గంజి దొరుకుతుంది. గూడేలన్నీ ఒకచోట ఉంటే ఎవరింట్లో ఎంత బియ్యమున్నదో పోలీసుకు తెలుస్తుంది. సుందరయ్యగారు దీన్ని బ్రిగ్స్ పథకంతో పోల్చారు.

బ్రిగ్స్ పథకం మలయాది. 1948 జూన్‌లో మలయాలో బ్రిటిషువాళ్ళు అత్యవసర పరిస్థితి ప్రకటించి, పన్నెండేళ్ళు దాటిన ప్రతివాడికీ ఫోటో, వేలిముద్ర ఉన్న గుర్తింపు కార్డు ఇచ్చారు. కార్డు లేనివాడు అనుమానితుడు. రబ్బరు తోటల్లో పనిచేసే మన తెలుగు కూలీలు కూడా ఆ కార్డు జేబులో పెట్టుకుని బతికినవాళ్ళే. 1950లో వచ్చిన జనరల్ బ్రిగ్స్ అడవి అంచున ఉన్న నాలుగు లక్షలమందికి పైగా జనాన్ని, ఎక్కువగా చీనా పేదలను, ముళ్ళకంచె చుట్టిన ‘కొత్త గ్రామాల’కు తరలించాడు. సైన్యం కంచె కాచింది. లోపలి మనుషుల లెక్క పోలీసు స్పెషల్ బ్రాంచి చూసుకుంది. తిరుగుబాటును అణచటం అసలు పోలీసు పని అనీ, సైన్యం దానికి తోడు మాత్రమే అనీ ఆ తర్వాత పుస్తకాలు వచ్చాయి. మలయాలో పనిచేసిన రాబర్ట్ థాంప్సన్ 1966లో రాసిన పుస్తకం ప్రపంచంలోని సైనిక కళాశాలలన్నిటికీ వాచకమైంది. 2006లో అమెరికా సైన్యం ఇరాక్ కోసం రాసుకున్న నిబంధనల పుస్తకం కూడా ఆ బాటలో నడిచినదే.

ఈ కథలో మనవాళ్ళు సాధారణంగా చెప్పుకోని ఒక మనిషి ఉన్నాడు. ఆయన కల్నల్ ఆర్థర్ యంగ్. లండన్ నగర పోలీసు కమిషనరు. 1952లో ఆయన్ను మలయాకు పంపించారు. పోలీసు ప్రజలకు సేవ చెయ్యాలని అక్కడ ఒక కార్యక్రమం నడిపాడు. పై అధికారులు మెచ్చుకున్నారు. 1954లో ఆయన్ను కెన్యాకు పంపించారు. అక్కడ మావుమావు తిరుగుబాటును అణచే పేరుతో ప్రభుత్వపక్షం హోంగార్డులు చేస్తున్న హత్యలనూ హింసనూ స్వతంత్రంగా దర్యాప్తు చెయ్యనివ్వాలని పట్టుపట్టాడు. గవర్నరు ఒప్పుకోలేదు. ఏడాది తిరగకుండానే యంగ్ రాజీనామా చేశాడు; ఆయన రాజీనామా లేఖను ప్రభుత్వం తొక్కిపెట్టింది. ఆయన విప్లవకారుడు కాదు, సామ్రాజ్యానికి నమ్మకమైన నౌకరు. పోలీసు పద్ధతిలో రెండో సగం కూడా కావాలన్నందుకే సామ్రాజ్యానికి పనికిరాకపోయాడు. నా వాదానికి ఇంతకంటె మంచి సాక్షి నాకు దొరకలేదు.

ఇక్కడ మన పాఠకుల్లో కొందరు అడ్డుతగులుతారని నాకు తెలుసు. “చట్టం పాలకవర్గానిదే కదా, మేజిస్ట్రేటు కూడా వాళ్ళవాడే కదా, ఉరితాడయితేనేం, తుపాకి అయితేనేం?” అంటారు. చరిత్ర దీనికి ఇచ్చే జవాబు అంత సులువుగా లేదు. తెలంగాణ పోరాటంలో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు పన్నెండుమంది యోధులకు ఉరిశిక్ష వేశాయి. ఆ ట్రిబ్యునళ్ళు మిలిటరీ పాలనలో పుట్టినవే. అయినా కేసు అంటూ ఉన్నది కనుక అప్పీలు ఉంది. అప్పీలున్నది కనుక ఇంగ్లండునుంచి డి.ఎన్. ప్రిట్ అనే న్యాయవాది వచ్చి వాదించగలిగాడు; దేశదేశాల్లో ఆందోళన జరిగింది. వాళ్ళకు ఉరి తప్పింది. అడవిలో పట్టుబడి అక్కడే కాల్చబడినవాడికి ఏ ప్రిట్ వస్తాడు? అప్పీలు ఎక్కడ చేస్తాడు? దీనికి ఎదురు ఉదాహరణ కూడా నేను దాచను. భూమయ్య, కిష్టాగౌడులకు కోర్టులున్నాయి, న్యాయవాదులున్నారు, క్షమాభిక్ష కోరిన మేధావులున్నారు. అయినా అత్యవసర పరిస్థితిలో 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో వాళ్ళను ఉరితీశారు. కోర్టు న్యాయానికి హామీ కాదు. కాని ఆ ఉరికి తేదీ ఉంది, తీర్పు ఉంది, సంతకం పెట్టినవాడి పేరుంది. ఎవరిని తప్పుపట్టాలో మనకు తెలుసు. అదే ఏడాది జులైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోతే, ఎదురుకాల్పులన్న ఒక్కమాట తప్ప ప్రభుత్వం ఏమీ చెప్పలేదు. 1977లో తార్కుండే కమిటీ తిరిగి, సాక్షులను అడిగి, వాళ్ళను పట్టుకుని కాల్చారని చెప్పవలసి వచ్చింది. జవాబు చెప్పవలసినవాడు చెప్పకపోతే పౌరులే దర్యాప్తు అధికారులు కావలసి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల ఉద్యమం పుట్టుకకు మూలం అక్కడ ఉంది.

శ్రీకాకుళంలో 1970 జులై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించినప్పటినుంచి ‘ఎన్‌కౌంటరు’ అన్న ఇంగ్లీషు మాట తెలుగు మాటైపోయింది. దాన్ని ఒక శాశ్వత వ్యవస్థగా మార్చింది 1989. ఆ ఏడాది కె.ఎస్. వ్యాస్ అనే ఐ.పి.ఎస్. అధికారి నాయకత్వాన గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. దాని పద్ధతి పాత సాయుధ పోలీసుల పద్ధతి కాదు. ఊళ్ళో క్యాంపు వేసి కూర్చోదు. చిన్న జట్టుగా, రాత్రిపూట, నడిచి, కచ్చితమైన సమాచారం మీద వెళుతుంది; పని ముగించి తిరిగి వస్తుంది. జీతానికి పైన ప్రత్యేక భత్యం ఉంటుంది. సమాచారం తెచ్చేది వేరొక శాఖ, స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి. అది లొంగిపోయినవాళ్ళనూ, చుట్టాలనూ, తలలమీది వెలలనూ కలిపి నేసిన వల. గెరిల్లా నేర్చిన చలనమూ, డిటెక్టివు నేర్చిన ఓపికా ఒకచోట చేరాయి. పోరాడేవాడి దృష్టినుంచి చూస్తే ఇది అపూర్వమైన విజయం. కేంద్రం 2008లో కోబ్రా దళాలను దీన్ని చూసే నిర్మించింది. పోలీసు అన్న మాట దృష్టినుంచి చూస్తే ఏమిటి? నేరస్థుడిని పట్టుకుని కోర్టుకు తేవటానికి పోలీసుకు జీతమిస్తున్నాం. పట్టుకోవటం దీని లెక్కలో విజయం కాదు.

అడవిలో ఆ రెండో సగం పోగొట్టుకున్నది ప్రభుత్వపక్షమొక్కటే కాదు. వామపక్ష పాఠకులతో ఈ మాట చెప్పకపోతే చరిత్రకారుడుగా నా పని సగమే అవుతుంది. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదు లాల్‌బహాదూర్ స్టేడియంలో వ్యాయామం చేస్తుంటే నక్సలైట్లు కాల్చిచంపారు. ఆయన అధికారి, ఆయుధం పట్టినవాడు. కాని ఆ ఏళ్ళన్నిటిలో ‘ఇన్‌ఫార్మరు’ అన్న ముద్రతో చంపబడిన గిరిజనులూ కూలీలూ ఎవరు? వాళ్ళకూ ఎఫ్.ఐ.ఆర్. లేదు, అప్పీలు లేదు; గోడమీద అంటించిన కాగితమే తీర్పు. కె. బాలగోపాల్ వంటివారు రాజ్యహింసను నిలదీస్తూనే ఈ ప్రశ్నను ఉద్యమాలకు వేశారు, ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఇరుపక్షాలకూ వేసింది. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలదాకా వ్యవహారం వచ్చింది. 2005 మొదట్లోనే చెడిపోయింది. ఆ ఏడాదే గోదావరికి అవతల బస్తరులో సల్వాజుడుం పేరుతో ఊళ్ళు ఖాళీచేయించి శిబిరాలు వేశారు. స్టూవర్టుపురం, కోయగూడేలు, మలయా, బస్తరు: నూరేళ్ళుగా ఒకే కంచె. తగలబడిన ఊళ్ళ జనం ఖమ్మం అడవుల్లోకి వలసవచ్చి మన మధ్యే గుడిసెలు వేసుకున్నారు. గిరిజన యువకులకు తుపాకులిచ్చి స్పెషల్ పోలీసులనటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. పేరు మారింది, పద్ధతి ఆగలేదు. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాడు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు, పౌరహక్కుల సంఘాలు పట్టుకుని చంపారన్నాయి. అప్పటికి ఆ జిల్లా పేరు అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఇదంతా అడవి గొడవ, మాదాపురంలో, గచ్చిబౌలిలో బతికేవాళ్ళకు దీనితో ఏం పని అనే ప్రశ్న నా విద్యార్థులు నన్ను తరచు అడుగుతారు. వాళ్ళలో చాలామంది రేపు ఆ అద్దాల మేడల్లోనే ఉద్యోగాలు చేస్తారు. జవాబు దూరంలో లేదు. గ్రేహౌండ్స్ కేంద్రం గండిపేట దగ్గరే ఉంది, ఐ.టి. కంపెనీల వరస అటువైపే పెరిగింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాయి; 2003లో సైబరాబాదు పోలీసు కమిషనరేటు ఏర్పడింది; 2006లో పోలీసులూ ఐ.టి. కంపెనీలూ కలిసి భద్రతామండలి అనే సొసైటీ పెట్టుకున్నారు. రాత్రి షిఫ్టు ముగించుకుని వెళ్ళే ఆడపిల్ల క్షేమంగా ఇల్లు చేరాలనుకోవటంలో తప్పేమీ లేదు. పోలీసు పద్ధతిలో సేవ అనే భాగం అక్కడ కొంత కనబడుతుంది. అదే కమిషనరేటు పరిధిలోని బస్తీలలో కనబడేది ఇంకొకటి. తెలంగాణ ఏర్పడిన తర్వాతి ఏళ్ళలో పత్రికల్లో మామూలు వార్తగా మారిన ‘కార్డన్ సెర్చ్’ అది. వందల సంఖ్యలో పోలీసులు తెల్లవారకముందే బస్తీని చుట్టుముడతారు. ఇల్లిల్లూ తిరిగి గుర్తింపు కార్డులు, బండి కాగితాలు అడుగుతారు. కాగితం లేని బండ్లు లారీ ఎక్కుతాయి. ఒక ఇల్లు సోదా చెయ్యాలంటే కారణముండాలనీ, స్థానికులు సాక్షులుగా ఉండాలనీ, తీసుకున్న వస్తువుల జాబితా రాయాలనీ మన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం చెబుతూ వచ్చింది. ఊరంతటినీ ఒకేసారి అనుమానించమని ఏ సెక్షనూ చెప్పలేదు. ఆ పని మలయాలో, ఆ తర్వాత కాశ్మీరులో, సైన్యాలు చేసేవి. గేటు, గోడ ఉన్న కాలనీని తెల్లవారుజామున చుట్టుముట్టారన్న వార్త నేనింతవరకు చదవలేదు.

కంచె నగరానికి వచ్చాక తుపాకి రాకుండా ఉంటుందా? 2008 డిసెంబరులో వరంగల్లులో విద్యార్థినులమీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 2019 నవంబరు 27న శంషాబాదు దగ్గర ఒక యువ వైద్యురాలిమీద అత్యాచారం, హత్య జరిగాయి. దేశమంతా కుమిలిపోయింది. సైబరాబాదు పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తుపాకులు లాక్కుని పారిపోబోతే కాల్చామన్నారు. కొయ్యూరునాటి వాక్యం తొంభై అయిదేళ్ళ తర్వాత జాతీయ రహదారి పక్కన మళ్ళీ వినబడింది. జనం పోలీసులమీద పూలు చల్లారు. ఆ పూలు చల్లినవాళ్ళలో చదువుకున్నవాళ్ళున్నారు, ఉపాధ్యాయులున్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో బయటికి వచ్చిన నివేదికలో పోలీసుల కథ నమ్మదగింది కాదన్నది. చంపే ఉద్దేశంతోనే కాల్చారన్నది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలన్నది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లన్నది. ఆ యువతికి న్యాయం జరిగిందని చాలామంది నమ్మారు. కాని ఆమె కేసులో సాక్ష్యం ఏ కోర్టులోనూ పరీక్షకు రాలేదు. నిందితులే నేరస్థులని తేల్చే అవకాశాన్ని ఆ తుపాకులే తీసేశాయి. ఆమె కుటుంబానికి రావలసింది శిక్ష ఒక్కటే కాదు, తీర్పు కూడా.

ఇంకొక కోణం చూడాలి. ప్రతి ఎన్‌కౌంటరు మరణానికీ పోలీసులమీద ఎఫ్.ఐ.ఆర్. నమోదు చెయ్యాలనీ, ఆత్మరక్షణ అనే వాదాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలనీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. పౌరహక్కుల సంఘం ఏళ్ళతరబడి చేసిన పోరాటానికి ఫలితమది. కొద్దివారాల్లోనే సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వేరొక కేసులో పదహారు మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. చటాన్‌పల్లి దానికి అయిదేళ్ళ తర్వాత జరిగింది. జవాబు చెప్పటమనే సగాన్ని ఈ దేశంలో ఎవరూ కానుకగా ఇవ్వలేదు. ఒకవైపు పోరాడి తెచ్చుకుంటుంటే ఇంకొకవైపు ఊడిపోతూ వచ్చింది. 1987 నాటి టాడా చట్టం, 2002 నాటి పోటా చట్టం ఎస్పీ స్థాయి అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. వలస ప్రభుత్వం 1872లో తన పోలీసులకు ఇవ్వటానికి భయపడిన అధికారాన్ని స్వతంత్ర భారతం వందేళ్ళ తర్వాత ఇచ్చింది.

గుర్తించటమనే మొదటి సగం మాత్రం ఎక్కడా ఆగలేదు. 2018లో తెలంగాణ పోలీసుల చేతి ఫోన్లలోకి ముఖాలు పోల్చే సాధనం వచ్చింది. 2021లో దారిన పోయేవాణ్ణి ఆపి, మాస్కు తీయమని అడిగి, ఫోటో తీసుకున్నారని ఒక పౌరుడు హైకోర్టుకు వెళ్ళాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 4న బంజారాహిల్సులో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. ఆ పేరులోని రెండు మాటలూ సైన్యానివే. కలకత్తా గుమాస్తా చేతితో సర్దిన వేలిముద్రల కార్డులకూ దీనికీ సూత్రంలో తేడా లేదు; వేగంలోనే తేడా.

ఈ వలను నేరస్థులకోసమే వాడతారని చెప్పేవాళ్ళకు రెండు సంగతులు గుర్తుచేస్తాను. అఫ్గానిస్తాన్లో అమెరికా సైన్యం జనం వేలిముద్రలూ కనుపాపలూ సేకరించిన యంత్రాలు 2021 ఆగస్టులో తాలిబాన్ల చేతికి చిక్కాయని వార్తలొచ్చాయి. చిట్టా రాసినవాడు వెళ్ళిపోయాడు, చిట్టా మిగిలింది. అంతదూరం ఎందుకు? మావోయిస్టులను కనిపెట్టటానికి పుట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో ప్రతిపక్ష నాయకుల, ఇతరుల ఫోన్లు విన్నారనీ, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే హార్డు డిస్కులు ధ్వంసం చేశారనీ 2024 మార్చిలో హైదరాబాదులో కేసు పెట్టి అధికారులను అరెస్టు చేశారు. నేరం కోర్టులో రుజువు కావలసిన విషయం. దాన్ని నేను ముందే తీర్చి చెప్పను, చెబితే నా వాదానికే విరుద్ధం. కాని ఆ కేసు ఒక్కటే ఒక సత్యాన్ని చెబుతున్నది. అడవిలో ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకుండా ముప్పై ఏళ్ళు పనిచేసిన శాఖ, నగరానికి వచ్చాక జవాబు చెప్పటం ఎవరివద్ద నేర్చుకుంటుంది?

కాబట్టి మనం అడగవలసింది ఏమిటి? పోలీసులు వద్దని కాదు. అన్యాయమైపోయిన ఆ యువతి తల్లిదండ్రులతో ఆ మాట అనగలవాడెవడూ లేడు. తిరుగుబాటును సైన్యానికి వదిలేసి పోలీసులు తప్పుకోవాలనీ కాదు. అది ఇంకా ఘోరం. పోలీసు పద్ధతి కావాలంటే మొత్తం కావాలి. వేలిముద్ర తీసుకున్న చెయ్యి మేజిస్ట్రేటు ముందు సాక్ష్యం పెట్టాలి. శవం ఉన్నచోట ఎఫ్.ఐ.ఆర్. ఉండాలి, అది చనిపోయినవాడి మీద కాదు, చంపినవాడి మీద. చుట్టుముట్టిన బస్తీకి కారణం రాతపూర్వకంగా చూపాలి. మావోయిస్టు అయినా, అత్యాచార నిందితుడయినా, ఇన్‌ఫార్మరన్న ముద్ర పడ్డ కోయవాడయినా, అందరికీ ఇదే కొలత. మనకు నచ్చినవాడు చనిపోయినప్పుడు సభ పెట్టి, మనకు అసహ్యమైనవాడు చనిపోయినప్పుడు పూలు చల్లితే, కొలత మన చేతిలోనుంచి జారిపోతుంది. పాలకులు కోరుకునేదీ అదే.

1948లో యుద్ధానికి పోలీసు పేరు పెట్టారు. ఇప్పుడు పోలీసు పనికి యుద్ధం పద్ధతి పెట్టారు. పేరు మాత్రం పాతదే. తరగతిలో ‘పోలీసు చర్య’ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఆ మాటను తేదీతో సరిపెట్టి వదిలెయ్యకుండా, అందులో పోలీసు ఎంత, చర్య ఎంత అని విద్యార్థులచేత అడిగించాలి. అడగటం నేర్చిన విద్యార్థి రేపు ఏ అద్దాల మేడలో ఉద్యోగం చేసినా, కిటికీలోంచి కనబడే బస్తీని చుట్టుముట్టినప్పుడు కారణం ఏమిటని అడుగుతాడు.